గజ్జె కట్టిన జేజెమ్మ

"దెయ్యం సినిమాలో నటన ఏముంటుందండీ? సగం గ్రాఫిక్సు, సగం సౌండు. మిగిలింది మేకప్పు వాళ్ల పని. అందులో హీరోయిన్ని మెచ్చుకోవడం దేనికి?" అని పామర్రు నుంచి ఓ డిగ్రీ కుర్రాడు రాశాడు. పేరు కూడా రాశాడు గానీ ఇక్కడ వేయడం లేదు. రేపు క్లాసులో అమ్మాయిలు పట్టుకుని ఏడిపిస్తే ఆ పాపం నాకెందుకు!

కుర్రాడు అడిగింది ఊరికే కొట్టిపారేసే ప్రశ్న కాదు. మన హాళ్లలో ఆడిన దెయ్యం బొమ్మలు ఓ పాతిక గుర్తు తెచ్చుకోండి. తలుపు కిర్రుమంటుంది. దీపం ఆరిపోతుంది. పిల్లి దూకుతుంది. అంతదాకా నిశ్శబ్దంగా ఉన్న స్పీకర్లు ఒక్కసారి బద్దలవుతాయి. మనం సీట్లోంచి లేస్తాం, పక్కవాణ్ణి చూసి నవ్వుతాం, మళ్లీ కూచుంటాం. అది భయం కాదు, ఉలికిపాటు. వెనకనుంచి వచ్చి ఎవడైనా "భౌ" అన్నా వస్తుంది. దానికి నటి అక్కర్లేదు, నటుడు అక్కర్లేదు, సౌండు ఇంజనీరు ఒక్కడు చాలు.

కానీ ఇంటికొచ్చాక కూడా వదలని భయం ఒకటుంది. దాన్ని మాత్రం ఏ యంత్రమూ పుట్టించలేదు. మనిషి పుట్టించాలి. ఈ వారం ఆ మనుషుల గురించే మాట్లాడుకుందాం. మాట్లాడుకోవడానికి కూచిపూడి దాకా కూడా వెళ్లొద్దాం. "దెయ్యం సినిమాకీ కూచిపూడికీ సంబంధమేమిటి స్వామీ!" అని కంగారు పడకండి. ఉంది. చాలా ఉంది.

ముందు బొమ్మ సంగతి. 2009 జనవరి 16న 'అరుంధతి' విడుదలైంది. నిర్మాత ఎం.శ్యామ్‌ప్రసాద్ రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ. ఈ ఇద్దరూ కలిసి 1995లో 'అమ్మోరు' తీసినవాళ్లు. సంక్రాంతి కోళ్ల పందేలు ముగిసి, చుట్టాలు బస్సులెక్కుతున్న రోజులు. విజయవాడలో ఓ హాల్లో మిత్రబృందంతో కలిసి చూశాను. అప్పటికి అనుష్క మాకు 'సూపర్' (2005)లో, 'విక్రమార్కుడు' (2006)లో చూసిన పొడుగుపాటి అందగత్తె మాత్రమే. సినిమాల్లోకి రాకముందు బెంగుళూరులో యోగా నేర్పేదని ఎక్కడో చదివాం. ఆ అమ్మాయి మీద ఇంత ఖర్చు పెట్టి, హీరో లేకుండా బొమ్మ తీశారటే, నిర్మాతకి ధైర్యం ఎక్కువో, లెక్కలు తక్కువో అని మాలో ఒకడు జోకు వేశాడు. ఇంటర్వెల్లో వాడే సోడా తాగడం మరిచిపోయి నిలబడ్డాడు.

కథ మీకు తెలిసిందే, టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. గద్వాల సంస్థానం. కామంతో కళ్లు మూసుకుపోయిన పశుపతి. వాడి దుర్మార్గానికి అక్కనీ, నాట్యం నేర్పిన గురువునీ పోగొట్టుకున్న చిన్నపిల్ల జేజెమ్మ. ఊరి జనం వాణ్ణి కొట్టి, గుర్రానికి కట్టి ఈడ్పిస్తే చచ్చాడనుకుంటారు. అఘోరాల దగ్గర క్షుద్రవిద్యలు నేర్చుకుని ఏళ్ల తర్వాత జేజెమ్మ పెళ్లినాటికి తిరిగొస్తాడు. చంపితే ప్రేతమై ఇంకా పెద్ద ప్రమాదమవుతాడు. అందుకని బతికుండగానే సమాధి చేయాలి. వాడి మంత్రాల ముందు కత్తులూ కటార్లూ పనిచేయవు. ఇక జేజెమ్మ దగ్గర మిగిలిన ఆయుధం ఒక్కటే... నాట్యం!

ఆ సన్నివేశం దగ్గర ఆగుదాం. ఈ వ్యాసం రాయాలనిపించింది దాని కోసమే.

చుట్టూ వేలాడే డప్పులు, పొడవాటి వస్త్రాలు, ఎదురుగా మదమెక్కిన పశుపతి. వాడికి లొంగిపోయినట్టు ఆడాలి. వాడు నమ్మాలి. అదే క్షణంలో హాల్లో కూచున్న మనం మాత్రం నమ్మకూడదు. ఆవిడ మనసులో ఉన్న పగ మనకి తెలుస్తూ ఉండాలి. అంటే ఒకే ముఖం ఎదుటివాడికి శృంగారం చూపించాలి, ప్రేక్షకుడికి రౌద్రం చూపించాలి. గ్రాఫిక్సు కుర్రాళ్లు డప్పుల్ని ఎగరేయగలరు గానీ ఈ రెండు భావాల్నీ ఒక ముఖంలో పెట్టలేరు. పెదవి మీద నవ్వు ఉంటుంది, కన్ను నవ్వదు. పశుపతి పెదవిని చూస్తున్నాడు, మనం కన్ను చూస్తున్నాం. చివరికి వాడి నాలుక తెగిపడేసరికి, మంత్రం చదవడానికి నోరు లేకుండా పోయేసరికి, హాలంతా ఈలలు. కానీ దానికి ముందు ఈలలు లేవు, గమనించారా? ఊపిరి బిగబట్టిన జనం ఈల వేయలేరు.

అనుష్క నాట్యకత్తె కాదు. ఆ ఆట కూచిపూడీ కాదు, భరతనాట్యమూ కాదు. సినిమా కోసం కూర్చిన ఆట. శాస్త్రం తెలిసినవాళ్లు అడుగు అడుగుకీ తప్పు పడతారు, పట్టనివ్వండి. ఆవిడకి పనికొచ్చింది యోగా అని నా అనుమానం. వెన్ను వంగదు, మెడ తొణకదు. నడుము మీదినుంచి పై శరీరమంతా ఒక స్తంభంలా నిలబడుతుంది. రాణి అని ఎవరూ చెప్పక్కర్లేదు. అదే అనుష్క ఈ కాలపు అరుంధతిగా వచ్చినప్పుడు చూడండి. భుజాలు కొంచెం ముందుకు వాలతాయి, చూపు ఒకచోట నిలవదు, చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని వెతుకుతాయి. ఇద్దరికీ చీర మారింది, నగలు మారాయి, నిజమే. నగలన్నీ తీసేసినా ఎవరు ఎవరో పోల్చుకోవచ్చు. నటన అంటే అదీ.

ఇప్పుడో పిట్టకథ. పిట్టకథ అన్నానే గానీ కైఫీయతులో రాసిపెట్టిన కథ ఇది.

పదహారో శతాబ్దం మొదటి ఏళ్లు, విజయనగరాన్ని వీర నరసింహరాయలు ఏలుతున్న రోజులు. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అని ఒక పాలకుడు. పన్ను వసూలు చేయడానికి ఆడవాళ్లని కూడా వదిలేవాడు కాదు. చెప్పడానికి నోరు రాని చిత్రహింసలు పెట్టించేవాడు. ఆ సీమలో తిరుగుతున్న కూచిపూడి భాగవతులు అది కళ్లారా చూశారు. నేరుగా విజయనగరం వెళ్లారు. రాయలవారి ముందు ప్రదర్శన ఇచ్చారు. కానీ ఆ రాత్రి వాళ్లు ఆడింది పురాణకథ కాదు. ఒకరు గురవరాజు వేషం కట్టారు, ఇంకొకరు హింసపడే స్త్రీ వేషం కట్టారు, జరిగింది జరిగినట్టు ఆడి చూపించారు. రాయలవారికి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజుని పట్టించి శిక్ష వేయించారు. మాచుపల్లి కైఫీయతులో ఉంది ఈ వృత్తాంతం. కూచిపూడి వాళ్ల గురించి దొరికే పాత ఆధారాల్లో దీన్నే ముందు చెబుతారు.

ఆలోచించండి. ఆడవాళ్లని హింసించే దుర్మార్గుడు. వాడి మీదికి నేరుగా వెళ్లలేని జనం. చివరికి వాణ్ణి పట్టిచ్చింది ఒక ఆట. 'అరుంధతి' రాసినవాళ్లకి ఈ కైఫీయతు తెలుసో లేదో నాకనవసరం. మన నేలలో ఈ కథ ఐదు వందల ఏళ్ల నుంచి ఉంది. దెయ్యమొక్కటే కొత్తగా చేరింది.

ఇది మనసులో పడ్డాక ఊరుకోలేక కూచిపూడి వెళ్లాను. మొవ్వ పక్క ఊరే. మొవ్వ అంటే క్షేత్రయ్య గారి మొవ్వ, చెప్పాలా! దారి పొడుగునా కాలవలు, వరిచేలు. బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి గుడికి కాస్త దూరంలో ఓ ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను. వయసులో ఉండగా స్త్రీవేషాలు కట్టినవారు. పేరు వేయొద్దని ముందే మాట తీసుకున్నారు. 'అరుంధతి' చూశారా మాస్టారూ అంటే పకపకా నవ్వారు.

"చూడకేం? మా మనవరాలు నాలుగుసార్లు చూపించింది. ఆ పిల్ల మెడ బాగుందయ్యా."

"మెడా మాస్టారూ?"

"మెడే. అందరూ కళ్లు కళ్లు అంటారు. కన్ను అబద్ధమాడినా ఆడుతుంది, మెడ ఆడదు. భయపడ్డవాడి మెడ చూడు, భుజాల్లోకి దిగిపోతుంది. ఆ పిల్ల రాణీగా ఉన్నంతసేపూ దిగలేదు. అది ఎవరైనా చెప్పి చేయించారో, తనకే తట్టిందో గానీ... మంచి పని."

స్త్రీవేషం రహస్యమేమిటని అడిగితే రహస్యమేమీ లేదన్నారు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలట. అడుగు చిన్నదవ్వాలట, బరువు పిరుదు మీద పడాలట. తల తిప్పేముందు చూపు దించాలట. "ఇవన్నీ వారం రోజుల్లో ఎవడికైనా వస్తాయి. రానిది ఇంకోటుంది. తెర వెనక జడ వేసుకుని నిలబడ్డప్పుడు నేను లేను అనుకోవాలి. అది రావడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది."

భామాకలాపం చూసినవాళ్లకి తెలుసు. సత్యభామ ప్రవేశంలో ముందు ముఖం కనిపించదు. తెర మీదుగా జడ కనిపిస్తుంది. ఆ జడే సవాలు! దాని వెనక ఉన్నది ఒకప్పుడు మగవాడే. వేదాంతం సత్యనారాయణశర్మ గారు (1935-2012) సత్యభామగా వచ్చినప్పుడు ఆడవాళ్లే పోల్చుకోలేకపోయేవారని మా ఇంట్లో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ అందుకున్న నటుడాయన. నటుడనే అంటున్నాను, నర్తకుడనడం లేదు. ఆ ఊళ్లో ఆ రెండూ ఒకటే.

ఒంట్లోకి వేరొకరు ప్రవేశించడాన్ని మనవాళ్లు పరకాయప్రవేశం అన్నారు. దెయ్యం పట్టడం అన్నా అదే, వేషం కట్టడం అన్నా అదే. తేడా ఒక్కటే. వేషం కట్టినవాడికి తిరిగొచ్చే దారి తెలుసు.

తంజావూరు దగ్గర మెలట్టూరులో, నాయకరాజుల కాలంలో వలస వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఊళ్లో, నరసింహజయంతికి ప్రహ్లాద చరిత్రం ఆడతారు. నాటకం తెలుగులోనే. మెలట్టూరు వెంకటరామశాస్త్రి గారు రాసింది. అందులో నరసింహుడి ముఖోటాకి పూజ చేస్తారు. ఆ వేషం కట్టే మనిషి ఉపవాసం ఉంటాడు. ముఖోటా పెట్టుకున్నాక ఆయనకి ఆవేశం వస్తుందని, మనుషులు గట్టిగా పట్టుకోవాల్సి వస్తుందని చెబుతారు. అక్కడ తిరిగొచ్చే దారి కూడా కొంచెంసేపు మూసుకుపోతుందన్నమాట. నన్నడిగితే, ప్రపంచంలో ఏ హారర్ సినిమాకీ తీసిపోని సన్నివేశం అది. హిరణ్యకశిపుడి వేషం కట్టినాయన ధైర్యానికి ఒక దండం పెట్టాలి!

సరే, సినిమాలోకి వద్దాం. తెలుగు వెండితెర మీద పరకాయప్రవేశం ఇంత గొప్పగా చేసిన మొదటి మనిషి ఎవరు? చాలామంది దెయ్యం సినిమాల్లో వెతుకుతారు. నేను 1957 మార్చి 27కి వెళతాను. ఆ రోజు విడుదలైన 'మాయాబజార్'లో వెతుకుతాను. సావిత్రి!

ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. తెర మీద ఉన్నది సావిత్రి శరీరం, లోపల ఉన్నది ఎస్వీ రంగారావు. ఎవరూ చూడనప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతుంది, ఛాతీ విరుస్తుంది. ఎవరో వస్తున్న చప్పుడైతే చాలు, సిగ్గు గుర్తొచ్చి ముడుచుకుపోతుంది. ఆ పెళ్లిపాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది. అప్పుడు సావిత్రి ముఖంలో దొంగ దొరికిపోయిన కంగారు. మార్కస్ బార్‌ట్‌లే కెమెరా మాయలు ఆ సినిమాలో ఎన్నో ఉన్నాయి, లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళతాయి. కానీ శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుడున్నాడని మనల్ని నమ్మించడానికి ఏ కెమెరా మాయా వాడలేదు. సావిత్రిని వాడారు.

ఆ సినిమాకి నృత్యదర్శకుడు ఎవరో తెలుసా? పసుమర్తి కృష్ణమూర్తి గారు. ఊరు కూచిపూడి! ఆ అరుగు మీద పెద్దాయన ఈ మాట వచ్చేసరికి కాళ్లు కిందికి దించి కూచున్నారు.

"మగవాణ్ణి ఆడదాన్ని చేయడం మా పని నాయనా. ఆడదాన్ని మగవాణ్ణి చేసి, ఆ మగవాడు మళ్లీ ఆడదానిలా నటించడానికి పడే పాట్లు చూపించడం... అది ఆ తల్లి పని. పసుమర్తి వారు నేర్పి ఉంటారు, కాదనను. నేర్పినవన్నీ అందరికీ వస్తాయా?"

కూచిపూడి ఊరు సినిమాకిచ్చినవాళ్లు పసుమర్తి వారొక్కరే కాదు. 'దేవదాసు' (1953) దర్శకుడు వేదాంతం రాఘవయ్య గారూ అక్కడివారే. గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ' (1939)లో నాట్యం చేసి, తర్వాత మెగాఫోన్ పట్టిన మనిషి. ఆయన తీసిన 'సువర్ణసుందరి' (1957) కూడా శాపాలూ దేవకన్యలూ ఉన్న కథే. అంటే అతీంద్రియాల సినిమాకి మన దగ్గర పునాదిరాయి వేసినవాళ్లలో భాగవతుల బిడ్డలున్నారన్నమాట. ఇంగ్లీషు దెయ్యం సినిమాలు చూసి నేర్చుకున్నది ఆ తర్వాత సంగతి.

ఇంకో విషయం. కూచిపూడి వాళ్లకీ స్పెషల్ ఎఫెక్టులున్నాయి! కరెంటు లేని రోజుల్లో కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని మంట లేచేది. ఆ మంటలో రౌద్రపాత్ర ప్రవేశం. దానికి పిల్లలు జడుసుకునేవాళ్లు. అయితే మంట రెండు క్షణాలే. ఆరిపోయాక కూడా పిల్లలు జడుసుకునే ఉండాలంటే వేషధారి దగ్గర ఏదో ఉండాలి. 'అరుంధతి'లో గ్రాఫిక్సు కూడా గుగ్గిలమే. అది బాగా మండింది, నేను కాదనడం లేదు. మంట ఆరాక నిలబడ్డవాళ్లు అనుష్క, సోనూ సూద్.

సోనూ సూద్ గురించి కాస్త చెప్పాలి. పంజాబులోని మోగా నుంచి వచ్చిన మనిషి. తెలుగు గడ్డ మీద పుట్టిన మాంత్రికుడిలా మారిపోయాడు. మొదట విలాసపురుషుడు, తర్వాత అఘోరా, ఆ తర్వాత సమాధిలోంచి లేచిన కుళ్లిన కాయం. మూడో దశలో ముఖమంతా మేకప్పు పొరలే. కనుబొమ్మ కదిలే వీలు కూడా లేదు. అప్పుడు నటుడికి మిగిలేది వేళ్లు, మెడ, నడక. వాటితోనే నెట్టుకొచ్చాడు. కానీ సగం మార్కులు ఇంకొకరికి ఇవ్వాలి. ఆ గొంతు పి.రవిశంకర్‌ది. పి.జె.శర్మ గారి అబ్బాయి, సాయికుమార్ తమ్ముడు. ఆ సినిమాలో 'బొమ్మాళీ' అని సాగదీసి పిలిచిన పిలుపు ఆయన ఇంటిపేరైపోయింది! చిన్నపిల్లలు దుప్పటి ముసుగేసుకున్నది పశుపతి ముఖం గుర్తొచ్చి కాదు, ఆ పిలుపు గుర్తొచ్చి.

ఆంగికం ఒకరిది, వాచికం ఒకరిది, ఆహార్యం మేకప్పు వాళ్లది. ఇక సాత్వికం ఎవరిది? అదే తమాషా. రెండు శరీరాలు కలిసి ఒక మనిషిని సృష్టించాయి. మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' (1993)లోనూ ఇదే జరిగింది. శోభనకి జాతీయ ఉత్తమనటి అవార్డు తెచ్చిన సినిమా. అందులో గంగకి భాగ్యలక్ష్మి, లోపల నిద్రలేచే నాగవల్లికి దుర్గ గొంతిచ్చారు. ఒక ముఖం, రెండు గొంతులు. ఈ సంగతి చాలామందికి రెండు దశాబ్దాలు దాటాక గానీ తెలియలేదు. తెర వెనక గొంతుల పేర్లు టైటిల్సులో ఏ మూలో చీమల్లా పాకి పోతుంటాయి. హీరో పేరుకి మాత్రం నిప్పులు, పిడుగులు, పులి గర్జనలు! ఇదొక్కటి నాకు ఎప్పుడూ కడుపు మంట.

ఆ కథే 2005లో రజనీకాంత్ 'చంద్రముఖి' అయ్యేసరికి నర్తకి ఊరు విజయనగరమైంది. తమిళ సినిమాలో కూడా ఆవిడ తెలుగులోనే పాడుతుంది. జ్యోతిక కళ్లు పెద్దవి చేసి ఆడింది, జనం మెచ్చారు. నాకు మాత్రం శోభన పక్కన అది ఒక మెట్టు తక్కువే. శోభన భరతనాట్యంలో పండిన మనిషి. ఒంట్లోకి నాగవల్లి వచ్చిందని చూపించడానికి ఆవిడ కళ్లు పెద్దవి చేయక్కర్లేదు. మంచం ఎత్తే సన్నివేశంలో కూడా ముందు మారేది గొంతూ ముఖమూ కాదు, నిలబడే తీరు. నాట్యం తెలిసినవాళ్లు దెయ్యం వేషంలో ఎందుకు రాణిస్తారో ఇప్పుడర్థమైందా? రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో రేవతిని చూడండి. ఆవిడా నాట్యం నేర్చిన మనిషే. ఒంటిని ముక్కలు ముక్కలుగా కదిలించగల శిక్షణ వాళ్లకుంది. మామూలు మనిషి కదిలితే ఒళ్లంతా కదులుతుంది. దెయ్యం పట్టిన మనిషి కదిలితే ఏదో ఒక్క భాగమే కదలాలి. అక్కడ పుడుతుంది జలదరింపు.

పొగిడింది చాలు, 'అరుంధతి'లో నాకు నచ్చనివీ ఉన్నాయి. హింస మోతాదు మించింది. కొన్ని చోట్ల భయం బదులు వెగటు పుట్టింది. ఈ కాలపు కథలో కామెడీ ముక్కలు కోసేసినా నష్టం లేదు. నాట్యగురువు మీద జరిగిన అఘాయిత్యాన్ని అంతసేపు చూపించక్కర్లేదు. కైఫీయతు రాసినాయన ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాడు, అయినా వెన్ను జలదరిస్తుంది. అయితే నటుల్లో మాత్రం ఎవరినీ తీసేయడానికి మనసొప్పదు. చిన్న జేజెమ్మగా దివ్య నగేష్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు పెద్దవాళ్లం మేమే సర్దుకుని కూచున్నాం. కథ చెప్పే ముసలమ్మగా మనోరమ సరిగ్గా సూత్రధారి పని చేసింది. సయాజీ షిండే ఫకీరు వేషంలో, మన కౌతవరం కైకాల సత్యనారాయణ పెద్దరికంలో నిలబడ్డారు. 'ఘటోత్కచుడు' (1995)గా ఎస్వీఆర్ చెప్పుల్లో కాళ్లు పెట్టిన ధైర్యశాలి కదా కైకాల! 2008 సంవత్సరపు నందుల్లో సోనూ సూద్‌కి ఉత్తమ ప్రతినాయకుడు, దివ్య నగేష్‌కి ఉత్తమ బాలనటి, అనుష్కకి స్పెషల్ జ్యూరీ వచ్చాయి. ఫిల్మ్‌ఫేర్ వాళ్లు అనుష్కకి ఉత్తమనటి ఇచ్చారు. నందిలో కూడా అదే రావాలని నా పట్టు. ఇప్పుడు పట్టుబట్టి లాభమేముంది!

ఇందులో ఒక నష్టం లెక్క కూడా ఉంది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆడపిల్లలు ఈ నాట్యంలోకి పెద్ద సంఖ్యలో వచ్చారు. రావాల్సిందే, సత్యభామ వేషం ఆడపిల్ల కట్టకుండా ఎవరు ఆపుతారు? కానీ దానితోపాటు మగవాడు ఆడదైపోయే ఆ విద్య సన్నగిల్లింది. అరుగు మీద పెద్దాయన కొడుకు నేర్చుకోలేదు. వేరే ఉద్యోగంలో ఉన్నాడు. "నేర్చుకోమని ఏ నోటితో చెబుతానయ్యా? బడిలో ఏడిపిస్తారు. సినిమాల్లో చూపించేది అట్లాగే ఉంది కదా" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే. లారెన్స్ 'కాంచన' (2011)లో మగవాడి ఒంట్లోకి ఒక హిజ్రా ఆత్మ ప్రవేశిస్తుంది. శరత్‌కుమార్ కట్టిన ఆ కాంచన వేషం గౌరవంగా ఉంటుంది, కన్నీళ్లు పెట్టిస్తుంది. కానీ ఆత్మ లారెన్స్ ఒంట్లోకి వచ్చాక చీర, గాజులు, వంకర నడక... హాలంతా నవ్వు. భయానికి ముందు నవ్వించాలన్న లెక్క అది, వ్యాపారం తెలిసిన లెక్కే. లారెన్స్ గొప్ప డాన్స్ మాస్టరు, కావాలంటే నవ్వు లేకుండా ఆ మార్పు చూపించగలడు. ఆ సినిమాలోనే కొన్ని క్షణాలు చూపించాడు కూడా. ఆ క్షణాల్లో హాల్లో నవ్వు ఆగిపోయింది. జడ తెర మీద పడ్డప్పుడు కూచిపూడిలో ఎవరూ నవ్వేవాళ్లు కాదట. మగవాడని తెలిసి కూడా.

ఏ దర్శకుడైనా దెయ్యం బొమ్మ మొదలుపెట్టేముందు ఓ నెల రోజులు తన నటీనటుల్ని ఆ ఊళ్లో కూచోబెడితే ఏమవుతుందో చూడాలని నాకు ఆశ. ఖర్చు పెద్దగా ఉండదు. గ్రాఫిక్సులో రెండు నిమిషాల ముక్కకయ్యే డబ్బుతో ఆ పెద్దాయన లాంటి వాళ్లు నలుగురు గౌరవంగా పాఠం చెబుతారు.

ఈ మధ్య వచ్చినవాటిలో 'మసూద' (2022) చూడనివాళ్లుంటే చూడండి. సాయికిరణ్ దర్శకుడు. తల్లిగా సంగీత, దెయ్యం పట్టిన కూతురుగా బాంధవి శ్రీధర్. ఆ పిల్ల బాగా చేసింది, అందరూ రాశారు. నేను చూడమనేది పక్కింటి కుర్రాడి వేషం కట్టిన తిరువీర్‌ని. పిరికివాడు. పారిపోవాలని ఉంటుంది, పారిపోలేడు. అడుగు ముందుకు పడుతుంది, నడుము వెనక్కి పోతుంది. దెయ్యం కనపడకముందే మనకి చెమటలు పట్టేది ఆ కుర్రాడి నడుము చూసి. అరుగు మీద మాస్టారు ఇంకా ఈ బొమ్మ చూడలేదట. వచ్చే ఆదివారం మనవరాలి ఫోన్లో చూస్తామన్నారు. ఈసారి మెడ సంగతి చెబుతారో, నడుము సంగతి చెబుతారో!